మచ్చు గుడ్డల పుస్తకం నుంచి పుట్టిన పత్రికలు

ఆదివారం, రాత్రి

పెళ్ళికి సూటు కుట్టించుకుంటానని తమ్ముడు పట్టుబట్టడంతో ఉదయమంతా బెజవాడ వన్‌టౌన్‌లోని ఒక గుడ్డల కొట్టులో గడిచిపోయింది. కొట్టు యజమాని ఒక లావుపాటి పుస్తకం తీసి బల్ల మీద పరిచాడు. అందులో ప్రతి పుటలోనూ మచ్చు గుడ్డలు వరుసగా అతికించి ఉన్నాయి. తమ్ముడు మాత్రం ఫోనులో ఎవరో నటుడి ఫొటో చూపిస్తూ సరిగ్గా ఆ రంగే కావాలన్నాడు. "ఫొటోలో ఏం తెలుస్తుంది బాబూ, ముందు గుడ్డ పట్టుకుని చూడండి" అన్నాడాయన. వాళ్ళిద్దరి బేరం తెమిలేసరికి మధ్యాహ్నమైంది. ఈ మధ్య అమెరికాలోని మగవాళ్ళ పత్రికల చరిత్ర చదువుతున్నాను కనుక నా ధ్యాసంతా ఆ పుస్తకం మీదే ఉండిపోయింది.

ఇప్పుడు మనం ఎస్క్వైర్ అనీ, జీక్యూ అనీ పిలిచే రెండు పత్రికలకూ మూలం అచ్చంగా అలాంటి పుస్తకమే. 1931లో అపారెల్ ఆర్ట్స్ పేరుతో మొదలైన ఆ పత్రిక మామూలు పాఠకుల కోసం వెలువడింది కాదు; మగవాళ్ళ దుస్తులు అమ్మే దుకాణదారుల కోసం తయారైన వ్యాపార పత్రిక అది. పెద్ద సైజు పుటలు, లారెన్స్ ఫెలోస్ వంటి చిత్రకారులు గీసిన రంగుల బొమ్మలు, వాటితో పాటు నిజమైన గుడ్డ ముక్కలు అందులో ఉండేవి. ఏ కోటు మీదికి ఏ టై నప్పుతుందో, వేసవి విడిదికి వెళ్ళే పెద్దమనిషికి ఏం చూపించాలో, తెప్పించిన సరుకును అద్దాల కిటికీలో ఎలా అమర్చాలో అది అమ్మేవాడికి నేర్పేది. అయితే దుకాణానికి వచ్చినవాళ్ళు కొనవలసిన కోటును వదిలేసి ఈ పత్రికను తిరగేస్తూ నిలబడటం, కొందరైతే చంకలో పెట్టుకుని పోవడం మొదలుపెట్టారు. అమ్మేవాడి కోసం తయారుచేసిన పుస్తకం కొనేవాడికి ఇంతగా నచ్చుతున్నదంటే, దాన్ని నేరుగా అతనికే అమ్మవచ్చునన్న ఆలోచన ప్రచురణకర్తలైన డేవిడ్ స్మార్ట్, విలియం వైన్‌ట్రాబ్‌లకూ, సంపాదకుడు ఆర్నాల్డ్ గింగ్రిచ్‌కూ రావడంలో వింతేమీ లేదు.

వింతంతా వాళ్ళు ఎంచుకున్న కాలంలోనే ఉంది. ఎస్క్వైర్ మొదటి సంచిక 1933 శరదృతువులో వచ్చింది. అప్పటికి ఆర్థిక మాంద్యం దెబ్బకు అమెరికాలో దాదాపు ప్రతి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ లాంటి పేరున్న వారపత్రిక ఐదు సెంట్లకు దొరుకుతుంటే వీళ్ళు తమ పత్రికకు యాభై సెంట్లు వెలకట్టారు. అచ్చువేసిన లక్షకు పైగా ప్రతుల్లో అత్యధిక భాగం దుస్తుల దుకాణాల ద్వారా అమ్మాలని, పత్రికలమ్మే బడ్డీలకు ఐదు వేల ప్రతులు చాలునని వాళ్ళు లెక్క వేసుకున్నారు. బడ్డీల్లోని ప్రతులు చూస్తుండగానే అయిపోవడంతో, దుకాణాలకు పంపిన కట్టలను వెనక్కి తెప్పించి మళ్ళీ బడ్డీలకు పంపవలసి వచ్చింది. మూడు నెలలకొకసారి వేద్దామనుకున్న పత్రిక 1934 జనవరి నుంచి మాసపత్రికగా మారింది.

దుస్తుల పత్రికలో నవలాకారుడు హెమింగ్వేకు ఏం పని అని మొదట నాకు అనుమానం వచ్చింది. మొదటి సంచికలోనే ఆయన క్యూబా తీరంలో మార్లిన్ చేపల వేట గురించి రాశాడు. జాన్ డాస్ పాసోస్, డాషియల్ హామెట్ అనే నవలాకారులు కూడా ఆ సంచికలోనే ఉన్నారు. 1936లో మరో నవలాకారుడు స్కాట్ ఫిట్జెరాల్డ్ తాను లోలోపల ఎలా విరిగిపోయాడో చెప్పుకున్న మూడు వ్యాసాలు వరుస నెలల్లో వెలువడ్డాయి. నాకు తోచినది ఇది: తన కాలరు గురించి తాను ఆలోచిస్తున్నానని పదిమందిలో ఒప్పుకోవడానికి మగవాడికి సిగ్గు; వేట, మల్లయుద్ధం, మంచి కథ, ఒక కార్టూను అడ్డు పెడితే ఆ సిగ్గు పోతుంది. గింగ్రిచ్ ఆ మరుగును చక్కగా కట్టాడు. ఆ సాహిత్యానికి విలువ లేదని నా ఉద్దేశం కాదు. సాకుగా తెచ్చుకున్న ఆ సాహిత్యం ఇన్నాళ్ళు బతకడం ఆ సంపాదకుడి అదృష్టం. మరుగు కోసమే జార్జ్ పెటీ, ఆల్బెర్టో వార్గస్ గీసిన అందగత్తెల బొమ్మలు కూడా వచ్చాయి. పత్రికకు గుర్తుగా నిలిచిన పెద్ద కళ్ళ, గుబురు మీసాల ఎస్కీ బొమ్మకు రూపమిచ్చినవాడు ఇ. సిమ్స్ క్యాంబెల్ అనే నల్లజాతి చిత్రకారుడు. తెల్లవాళ్ళ పెద్ద పత్రికల్లో నల్లజాతి కళాకారులకు చోటు దొరకని రోజుల్లో ఆయన బొమ్మలు దశాబ్దాలపాటు ఎస్క్వైర్‌లో వచ్చాయి.

ఆ అందగత్తెల బొమ్మలే పత్రికను కోర్టుకు కూడా ఈడ్చాయి. ప్రజలకు మేలు చేసే పత్రిక కాదంటూ 1943లో పోస్ట్‌మాస్టర్ జనరల్ ఫ్రాంక్ వాకర్ దానికి చవక తపాలా రాయితీని రద్దు చేశాడు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పత్రిక పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి విలియం డగ్లస్. ఏది మంచి సాహిత్యమో, ఏది కాదో తేల్చే అధికారం తపాలా అధికారికి లేదన్నది దాని సారాంశం. టై ముడి గురించి చెప్పడానికి పుట్టిన పత్రిక భావప్రకటన స్వేచ్ఛ చరిత్రలో ఒక కేసుగా మిగిలిపోయింది.

1960ల నాటికి హెరాల్డ్ హేస్ సంపాదకత్వంలో, జార్జ్ లోయిస్ ముఖచిత్రాలతో ఎస్క్వైర్ పూర్తిగా వేరే దారి పట్టింది. ఒళ్ళంతా బాణాలు దిగిన మహమ్మద్ అలీ ముఖచిత్రం 1968 ఏప్రిల్‌ది. దాన్ని ఇప్పుడు చూసినా గుండె ఒక్కసారి ఆగుతుంది. కానీ ఆ వైభవంలో దుస్తులు వెనకబెంచీకి జరిగాయి. వాటి పని అప్పటికే తోబుట్టువు చేతికి వెళ్ళింది: పాత అపారెల్ ఆర్ట్స్ 1957లో జెంటిల్‌మెన్స్ క్వార్టర్లీగా మారి, తర్వాత జీక్యూ అయింది. 1979లో కాండే నాస్ట్ అనే పత్రికల ప్రచురణ సంస్థ దాన్ని కొన్నది. 1983లో వచ్చిన సంపాదకుడు ఆర్ట్ కూపర్ అందులోకి మళ్ళీ పెద్ద వ్యాసాలనూ, మంచి రచయితలనూ తెచ్చాడు. అర్ధశతాబ్దం తర్వాత కూడా అదే మరుగు అవసరమైందన్నమాట.

2008లో జీక్యూ భారత సంచిక వచ్చేదాకా నా వంటివాడికి ఈ విషయంలో చదువు చెప్పినవి వారపత్రికల్లో పుట నిండా పరుచుకున్న సూటింగు ప్రకటనలే. సీరియల్ చదువుతున్నట్టు నటిస్తూ ఎదురుపుటలోని కోటు మడతలు చూడటం నాకు బాగా గుర్తు.

పాత ఎస్క్వైర్ సంచికలను సాహిత్య విద్యార్థులు వెతుక్కుంటారు. కథలూ, వేటలూ, అందగత్తెలూ లేని అపారెల్ ఆర్ట్స్ సంచికలు మాత్రం దుస్తుల రూపకర్తలకూ, పాత పత్రికలు సేకరించేవాళ్ళకూ కావాలి. ఆ గుడ్డ ముక్కల కోసం, ఫెలోస్ గీసిన భుజాల వాలు కోసం వాళ్ళు నేటికీ పెద్ద ధర పెట్టి వాటిని కొంటున్నారు.