విండోస్ మార్చాక బయటపడ్డ పాత జబ్బు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, జెరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. షాపు వెనకే ఇల్లు. ఉన్నది ఒకే కంప్యూటర్, 2015లో కొన్నాను. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, విండోస్ 7. పేజీలు పేర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు అందులో ఎంత చక్కగా కుదురుకున్నాయంటే, దాన్ని కదిలించాలంటేనే నాకు భయం. 2020 జనవరిలో విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసినప్పుడు కూడా నేను పట్టించుకోలేదు. 2023లో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయి, ఆ తర్వాతి వెర్షన్లు విండోస్ 7లో ఎక్కకపోయేసరికి ఇబ్బంది మొదలైంది. అప్లికేషన్ సైట్లు ఒక్కొక్కటే బ్రౌజర్ అప్‌డేట్ చేయమని మొరాయించాయి. ఫీజు డబ్బులు చేతిలో పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ని పక్క షాపుకి పంపించాల్సి వచ్చింది. ఆ రోజే అనుకున్నాను, ఇక మార్చక తప్పదని.

మా మేనల్లుడు విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఫోన్ చేస్తే ముందు ర్యామ్, అంటే పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ, ఎంతని అడిగాడు. “ఎనిమిది జీబీరా, నాలుగేసి జీబీల ముక్కలు రెండు” అన్నాను.

“మరి నువ్వు వాడేది 32 బిట్ విండోస్ కదా మావయ్యా. అది మూడున్నర జీబీకి మించి ముట్టుకోదు. 64 బిట్ విండోస్ 10 వేసీ, మొత్తం వాడుకుంటాది.”

నిజమే. కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిస్తే ‘8.00 జీబీ’ అని, పక్కన బ్రాకెట్లో ‘3.46 జీబీ యూజబుల్’ అని ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంది. జీతంలో పీఎఫ్ కోత లాంటిదేదో అనుకుని వదిలేశాను. రెండో 4 జీబీ ముక్క 2017లో వేయించినది. స్పీడు పెరుగుతుందన్నారు, డబ్బు పెట్టాను కాబట్టి పెరిగిందనే అనుకున్నాను.

32 బిట్ మీద నేరుగా 64 బిట్ ఎక్కదు, సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి కొత్తగా వేయాల్సిందే. పాత విండోస్‌లో ఉండగానే ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాను. ఈ ఒక్క పని మాత్రం బుద్ధిగా చేశాను, ఎందుకంటున్నానో తర్వాత మీకే తెలుస్తుంది. ఒక ఆదివారం విండోస్‌కి, ఇంకో ఆదివారం ఫాంట్లకి, ప్రింటర్లకి పోయింది. నాలుగు రోజులు మెషీన్ పరిగెత్తింది. ఇన్నాళ్లూ ఎందుకు మార్చలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఐదో రోజు ఫ్లెక్స్ ఫైలు ఫొటోషాప్‌లో తెరిచి ఉండగా తెర నీలంగా అయిపోయి, ఏడుపుమొహం గుర్తు వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ‘మెమరీ మేనేజ్‌మెంట్’. దానంతట అదే రీస్టార్ట్ అయింది. సరే, ఒకసారి అవుతుందిలే అనుకున్నాను. మర్నాడు రెండుసార్లు. ఒకసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’, ఇంకోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’. ఏదీ అర్థం కాకపోయినా, పాడైపోయిన పెళ్లి కార్డుల వెనక తేదీ, టైము వేసి ఒక్కొక్కటీ రాసిపెట్టుకున్నాను. షాపు లెక్కలు రాసే అలవాటు, అంతే. మా ఆవిడ వంటింట్లోంచే అడిగేది, “ఏటండీ, మళ్లీ ఏడుపుమొహం పడిందా?” అని.

అది సిరిమానుకి ముందు రెండు వారాలు. పైడితల్లి అమ్మవారి పండగ ముందు ఈ ఊళ్లో ప్రింటింగ్ పని చేసే ఎవరికీ ఊపిరి సలపదు. స్వాగతం ఫ్లెక్సులు, అన్నదానం కరపత్రాలు, పైన పెద్దల ఫొటోలు, కింద కుర్రాళ్ల ఫొటోలు. ఆ ఫొటోల వరసలో ఎవరు ముందు ఎవరు వెనక అన్న గొడవే ఒక పూట తినేస్తుంది. అది తేలి, సేవ్ కొట్టబోయేలోపు ఏడుపుమొహం. కంట్రోల్ ఎస్ నొక్కీ నొక్కీ నా ఎడమ చెయ్యి నొప్పెట్టింది.

మెకానిక్‌ని పిలిచాను. విండోస్ మళ్లీ వేశాడు, తగ్గలేదు. ఇంకో పెన్‌డ్రైవ్‌తో మరోసారి వేశాడు. అదీ తగ్గలేదు. చివరికి “పాత మదర్‌బోర్డు సార్, 64 బిట్‌ని మొయ్యలేకపోతంది, బోర్డు మార్చీడమే” అన్నాడు. నాలుగో తరం ఐ3కి 64 బిట్ కొత్తేమీ కాదు, పుట్టుకతోనే ఉంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు కాబట్టి టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టలేదు. వెళ్తూ వెళ్తూ అతను ర్యామ్ ముక్కలు రెండూ తీసి, బంగారు రంగు పళ్లని మా అమ్మాయి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాడు. రెండు రోజులు ఏమీ కాలేదు. రబ్బరే మందనుకుని పక్క షాపాయనకి కూడా చెప్పేశాను. మూడో రోజు మళ్లీ మొదలు.

విండోస్‌లోనే మెమరీ టెస్ట్ ఒకటి ఉందని తెలిసి అదీ నడిపాను. స్టార్ట్ దగ్గర ‘మెమరీ’ అని కొడితే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ వస్తుంది. రీస్టార్ట్ అయి టెస్ట్ చేసి, ఏ లోపమూ లేదంది. ఈ మాటని నమ్మడమే నేను చేసిన పెద్ద పొరపాటు. ర్యామ్‌ని అనుమానించడం అక్కడితో మానేసి వారం రోజులు ప్రింటర్లని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మీద, పేజ్‌మేకర్ మీద పడ్డాను.

అసలు భయం పుట్టింది నీలి తెర వల్ల కాదు. గంట్యాడ నుంచి వచ్చిన ఒకాయన తమ్ముడి పెళ్లి కార్డుకి ఫొటో ఇచ్చాడు. కాపీ చేసి తెరిస్తే పెళ్లికొడుకు నుదుటి కిందనుంచి ఫొటో అంతా పక్కకి జరిగి ఆకుపచ్చగా ఉంది. ఆయన ఫోన్‌లో చూస్తే బాగానే ఉంది. మళ్లీ కాపీ చేస్తే బాగానే వచ్చింది. “మీ కంప్యూటర్‌కి మావోడు నచ్చినట్టు నేదు” అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మెషీన్ ఆగిపోతే కళ్లకి కనిపిస్తుంది, లోపల ఫైళ్లు మారిపోతుంటే ఎవడికి తెలుస్తుంది?

సిరిమానుకి మేనల్లుడు వచ్చాడు. అమ్మవారి దర్శనం అయ్యాక షాపులో కూచుని నా కార్డుల కట్ట చూశాడు. పదకొండు కార్డులు. “మావయ్యా, డ్రైవరు తప్పయితే ఎక్కువగా ఒకే పేరు వస్తాది. నీకు పూటకో పేరు వస్తంది, ఫొటోలు కూడా చెడతన్నాయి. ఇది ర్యామే” అన్నాడు. విండోస్ టెస్ట్ బాగుందంది కదరా అంటే, ఆ మామూలు టెస్ట్‌కి చిక్కని లోపాలు ఉంటాయని, మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడపాలని చెప్పాడు. అది ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, విండోస్‌తో సంబంధం లేకుండా దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేయాలి. ర్యామ్‌లో ప్రతి గడిలోనూ రకరకాల అంకెలు రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. నా మెషీన్‌లో ఒక్క చుట్టుకి గంట పైనే పట్టింది. కనీసం నాలుగు చుట్లు తిరగాలన్నాడు.

మొదటి రాత్రి రెండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ముసలిది, పది నిమిషాలు కూడా నిలబడలేదు. పొద్దున్న లేచి నల్ల తెర చూసి ఇద్దరం నోరు మూసుకుని టీ తాగాం. రెండో రాత్రి దాహమేసి లేచి షాపులోకి తొంగి చూశాను. తెర నిండా ఎర్ర గీతలు.

ఆ గీతల్లో లోపం ఉన్న చోటు కూడా చూపిస్తుంది. అన్నీ 6,200 ఎంబీ, అంటే ఆరు జీబీ పైన, ఒక చిన్న చోటనే ఉన్నాయి. మేనల్లుణ్ని లేపాను. వాడు కళ్లు నులుముకుంటూ ఆ అంకె చూసి, “ఎనిమిదేళ్లు నీ విండోస్ ఇక్కడిదాకా రానేలేదు మావయ్యా” అన్నాడు. మా తాతగారి పెంకుటింట్లో వెనక గది ఒకటి ఎప్పుడూ తాళం వేసి ఉండేది. అక్కడ పెంకులు జారి వాన కారుతున్నా, గది వాడాల్సి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఇదీ అంతే. 32 బిట్ విండోస్ ముందు గదుల్లోనే కాపురం చేసింది. 64 బిట్ వచ్చి వెనక గది తలుపు తీసింది. కొత్త విండోస్ పాడు చేసిందేమీ లేదు, అది లోపం ఉన్నచోట కాలు పెట్టిందంతే.

ఏ ముక్కదో తేల్చడానికి మర్నాడు ఒక్కొక్కటే, ఒకే స్లాట్‌లో పెట్టి చూశాం. స్లాట్ మారిస్తే తప్పు స్లాట్‌దా ముక్కదా తెలియదు కదా. 2015 నాటిది నాలుగు చుట్లూ శుభ్రంగా దాటింది. 2017లో వేయించినదానికి మొదటి చుట్టులోనే ఎర్ర గీతలు, ఈసారి 3,100 ఎంబీ దగ్గర. అంటే దాదాపు సగం. రెండు ముక్కలూ కలిసి ఉన్నప్పుడు బోర్డు సమాచారాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా రెండిటికీ పంచుతూ వాడుతుంది కాబట్టి అంకె రెట్టింపు కనిపించిందని వాడు వివరించాడు. ఆ ముక్క ఒక్కటే ఉండి ఉంటే విండోస్ 7 కూడా చచ్చేదే. పాతదాని పక్కన ఉండబట్టి ఇన్నేళ్లూ దాక్కుంది.

పండగ బిల్లులు వసూలయ్యేదాకా 4 జీబీతోనే నడిపాను. నెమ్మదిగా ఉన్నా ఒక్కసారి కూడా ఏడుపుమొహం రాలేదు. తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో ఈ బోర్డుకి సరిపోయే డీడీఆర్3 రకం ర్యామ్ ముక్క దొరికింది, 600 రూపాయలు. డీడీఆర్4 తెచ్చుకుంటే ఈ బోర్డులో పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది. అమ్మేవాడితో ముందే చెప్పాను, రాత్రంతా టెస్ట్ పెడతాను, ఒక్క తప్పు వచ్చినా తిరిగి ఇచ్చేస్తానని. ఆయన వింతగా చూసి ఒప్పుకున్నాడు. పొద్దున్నకి సున్నా తప్పులు.

మేనల్లుడు వెళ్లే ముందు ఇంకో మాట అన్నాడు, అది మాత్రం నాకు రుచించలేదు. చెడ్డ ర్యామ్ ఉండగా వేసిన విండోస్‌ని నమ్మకూడదట, కాపీ అయిన ఫైళ్లలోనే తప్పులు దిగి ఉండొచ్చట. విండోస్ తన ఫైళ్లని తానే సరిచూసుకునే ఎస్ఎఫ్‌సీ స్కాన్ నడిపితే నిజంగానే పాడైన ఫైళ్లు దొరికాయి. సరిచేశానంది, కానీ నాకు మనసొప్పక విండోస్ నాలుగోసారి వేశాను. మళ్లీ ఒక ఆదివారం ఫాంట్లకి పోయింది. పాత ఫైళ్లకి దిగులు లేదు, అవి విండోస్ 7లో ఉండగా తీసిన కాపీలు. మధ్యలో ఆ మూడు వారాల్లో చేసినవే అనుమానం. రోజూ షాపు మూసే ముందు పదేసి ఫైళ్లు తెరిచి చూశాను. మొత్తంలో ఒక్కటే తెరుచుకోలేదు, బొండపల్లి వాళ్ల గృహప్రవేశం కార్డు. అప్పటికే వాళ్లు పాలు పొంగించుకుని ఇంట్లోకి దిగిపోయారు కాబట్టి దాన్ని అలాగే వదిలేశాను.