మూత రాని పెట్టె

రేడియోగాడు నెల్లాళ్లుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. "మన స్కూలు పాత విద్యార్థుల సావనీరుకి అందరూ రాసిచ్చేశారు, నువ్వొక్కడివే బాకీ" అని పొద్దున్నే మెసేజ్. కమిటీ సెక్రటరీ అయ్యాక కూడా వాడి వాల్యూమ్ తగ్గలేదు. సరే, రాస్తున్నాను. బెత్తాలు, జామచెట్టు, గోడ దూకి చూసిన మ్యాట్నీలు డాక్టర్లకీ ఇంజనీర్లకీ వదిలేస్తున్నా, వాళ్లు బాగా రాస్తారు. ఆరో క్లాసు నుంచి ఎనిమిది దాకా మనం ఏం చదివామో నాకు నిజంగా గుర్తు లేదు. 1977లో హెడ్మాస్టారి రిటైర్మెంటుకి పెట్టె చేసిన రోజులు మాత్రం నిన్నటిలా ఉన్నాయి.

శాలువా కప్పుదామని కొందరు, వెండి గ్లాసని కొందరు. క్రాఫ్ట్ మాస్టారు మాత్రం "గ్లాసు బజార్లో దొరుకుతాది. మనం పెట్టె చేద్దాం" అన్నారు. మార్కులు లేని పీరియడ్ కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మూత మీద మన విశాఖపట్నం డాల్ఫిన్ నోస్ కొండ, దాని కొసన లైట్‌హౌసు, కింద సముద్రం, ఎదురుగా సూర్యుడు. రంగు వెయ్యకూడదు, అన్నీ చెక్కలే. మన క్లాసు రవివర్మ బొమ్మ గీసుకొచ్చాడు. కొండకి కుడిపక్కన సూర్యుణ్ని పెట్టి, ఓడకి పొగ కూడా తగిలించాడు. మాస్టారు చూసి "పోర్టు వైపు సూర్యుడు ఎప్పుడు ఉదయించాడ్రా?" అన్నారు. ఆ ప్రశ్న తర్వాత రవివర్మని ఏడాదంతా ఎంత ఏడిపించామో మీకు వేరే చెప్పక్కర్లేదు.

పెట్టెకి పాత ద్వారబంధం టేకు. కొండకి ఎవరింట్లోదో విరిగిన మంచం కోడు, ఇరుగుడు చేవ, అంటే రోజ్‌వుడ్ లోపలి గట్టి చెక్క. లైట్‌హౌసుకీ అలల నురగకీ తెల్లటి అంకుడు, ఏటికొప్పాకలో బొమ్మలు చేసే చెక్క. అది మాస్టారే తెచ్చారు. సూర్యుడికి మన క్లాసు బుల్లెట్ వాళ్ల పెరట్లో గాలికి పడిపోయిన పనస. పనస చెక్క కోసినప్పుడు పసుపుగా ఉంటుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. మన సూర్యుడు ఈపాటికి ఇటుక రంగుకి తిరిగి ఉంటాడు.

పని ఎలా చేయించారో నాకు చేతులతో గుర్తుంది. ముందు ముక్కని సన్న రంపంతో కోసుకోవాలి. కోసేటప్పుడు పెన్సిల్ గీత ముక్క మీదే మిగలాలి. "గీత ఉందా, పోయిందా?" ఇదొక్కటే ఆయన ప్రశ్న. గీత పోయిన ముక్కని పొయ్యిలో పడేసేవారు. ముక్క అంచుని అడుగువైపు కొంచెం లోపలికి వాల్చి ఆకురాయితో రాయాలి. దాన్ని మూత మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో కాదు, కత్తి మొనతో గీయాలి. ఆ గీత లోపల ఉలితో గుంట తియ్యాలి, ముక్క మందం కన్నా కాస్త తక్కువ లోతు. జిగురు రాసి, పైన చెక్కముక్క ఆనించి, సుత్తితో చిన్నగా తట్టుకుంటూ దింపితే, అంచు వాలు వల్ల దిగేకొద్దీ బిగుస్తుంది. పైకి మిగిలిన మందాన్ని మర్నాడు చిత్రిక పట్టాలి. ఆ చిత్రిక పట్టేటప్పుడే రెండు చెక్కలూ ఒక్క మట్టానికి వచ్చి, బొమ్మ ఉన్నట్టుండి బయటపడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

అలలకి నీడ కావాలి కదా. బీచ్ నుంచి సన్న ఇసుక తెప్పించి, కడిగి ఆరబెట్టి, మూకుడులో కాల్చి, అంకుడు ముక్కల అంచుల్ని అందులో గుచ్చేవాళ్లం. అంచు గోధుమరంగుకి తిరిగి, లోపలికి వెళ్లేకొద్దీ పల్చబడుతుంది. అదే మూకుడులో రేడియోగాడు వేరుశనక్కాయలు వేయించాడు. హెడ్మాస్టారు వాసన పట్టి లోపలికి వచ్చి, పెట్టె తనకేనని తెలియక, గుప్పెడు తిని వెళ్లారు.

మధ్యమధ్యలో మాస్టారు ఒక కథ చెప్పేవారు. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఇక్కడ వ్యాపారం చేసిన రోజుల్లో మన ఊరి పనివాళ్లు బల్లలకీ కుర్చీలకీ ఏనుగు దంతం పొదిగేవారట. దంతం మీద సన్నగా పువ్వులూ తీగలూ గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవారట. తర్వాత తర్వాత గంధపు చెక్క పెట్టెలకి పైనంతా పల్చటి దంతపు రేకులు తొడిగేవారట. "ఆ పెట్టెలు ఇప్పుడు లండన్ మ్యూజియంలో ఉన్నాయిరా" అనేవారు. మనం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన పెద్దగా పట్టించుకునేవారు కాదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1991 సవరణతో బయటి దేశాల నుంచి తెచ్చిన దంతం వ్యాపారం కూడా ఆగిపోయింది. ఏనుగులకి మంచే జరిగింది. ఆ పనితనం మాత్రం చేతుల్లోంచి జారిపోయింది.

ఇక స్టేజీ సంగతి. జులై నెలాఖరు, వారం రోజులుగా ముసురు. పెట్టెలో నూటపదహార్లు పెట్టి మూత వేశాం. హెడ్మాస్టారు లాగారు, రాలేదు. ముఖ్య అతిథి లాగారు, రాలేదు. ప్యూన్ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎక్కబోతే క్రాఫ్ట్ మాస్టారు పరుగున వచ్చి అడ్డం నిలబడ్డారు. "చెక్క తేమకి ఉబ్బింది సార్. వానలు పోతే దానంతటదే వస్తాది" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. మూత చుట్టూ కాగితం మందం సందు ఆయన వదిలించారు, నేను సాక్షిని. ఆ సందుని లక్క పాలిష్‌తో పూడ్చింది ఎవరన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. డిసెంబరులో హెడ్మాస్టారి నుంచి కార్డు వచ్చింది. "మూత వచ్చినది. నూటపదహార్లు ముట్టినవి. ఆశీస్సులు."

టెన్త్‌లో నా మార్కులు మీకందరికీ తెలుసు. తర్వాత ఐటీఐ, షిప్‌యార్డు. క్యాబిన్ల తలుపులు, అల్మారాలు బిగించే పనిలో కార్పెంటర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. చెక్కకి ఎంత సందు వదలాలో అక్కడ నాకు ఒకళ్లు నేర్పాల్సిన అవసరం పడలేదు. మా అమ్మాయి లండన్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్నామధ్య వెళ్లినప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి తీసుకెళ్లమన్నాను. అదేమో బకింగ్‌హామ్ ప్యాలెస్ చూపిస్తానంది, ఇంకేదో చక్రం ఎక్కిస్తానంది. నేను ఒప్పుకోలేదు. అద్దాల వెనక దంతం పొదిగిన సామాను, పక్కన చీటీ మీద ఇంగ్లీషులో మన ఊరి పేరు. నల్ల గీతలు చెక్కుచెదరలేదు. నేను మాత్రం మూలల అతుకుల దగ్గరే నిలబడిపోయాను. మా అమ్మాయి "ఏం చూస్తున్నావు నాన్నా?" అంటే, మా మాస్టారు అబద్ధం చెప్పలేదు అన్నాను. ఆ పిల్లకి ఏం అర్థమయిందో తెలీదు గానీ, వేరుశనక్కాయల సంగతితో సహా అంతా చెప్పించుకుని ట్రైన్‌లో పడీపడీ నవ్వింది.

కమిటీ నన్ను అందరికీ తలా ఒక పెట్టె చేసిమ్మంది. కుదరదు, నడుం ఒప్పుకోదు. ఒక్కటి చేస్తున్నాను, లాటరీ తీసుకోండి. టేకు, అంకుడు, పనస. డాల్ఫిన్ నోసే, సూర్యుడు సముద్రం వైపే. లోపల నూటపదహార్లు రేడియోగాడు పెడతాడు, ఒప్పుకున్నాడు. పాలిష్ నేనే రాస్తాను. అది ఆరేదాకా రవివర్మనీ బుల్లెట్‌నీ మా వీధిలోకి రానివ్వను.