తలలోని ఒత్తిడికి ఒక అంకె

నాకు గుర్తున్నది స్కూటర్ వెనక కూర్చోవడం వరకే. తర్వాతి సంగతులన్నీ మావారూ తమ్ముడూ చెప్పగా, డిశ్చార్జి కాగితాలు చదవగా తెలిసినవి. రాత్రివేళ, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరింది. నేను వెల్లకిలా పడ్డాను. దెబ్బ తగిలింది తల వెనక, మెదడు ఎక్కువగా నలిగింది ముందువైపు. పుర్రె ఠక్కున ఆగితే లోపలి మెదడు అటూ ఇటూ కొట్టుకుంటుందట. ఆస్పత్రికి చేరేసరికి పిలిస్తే పలకడం లేదు, గిల్లితే చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాను తప్ప కళ్లు తెరవడం లేదు. స్పృహకి మార్కులు వేసే గ్లాస్గో స్కేల్ మీద 15కి 6 వచ్చింది. 8 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే తీవ్రమైన గాయం కింద లెక్క.

సీటీ స్కాన్‌లో మెదడు వాచి కనిపించింది. పెద్దవాళ్ల పుర్రె సాగదు. అందులో ఉండేవి మూడు: మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు. ఒకటి పెరిగితే మిగతా రెండూ కొంతవరకు సర్దుకుని చోటిస్తాయి. ఆ వెసులుబాటు అయిపోయాక ఏ కాస్త వాపు పెరిగినా ఒత్తిడి అమాంతం పెరుగుతుంది, మెదడుకి రక్తం అందదు, అందక ఇంకా వాస్తుంది. న్యూరోసర్జన్ మావారికి ఇదంతా చెప్పి, "తలలోకి సన్నటి ట్యూబు పెడతామండీ. ఒత్తిడి ఎంతుందో తెలుస్తుంది, ఎక్కువైతే నీరు బయటికి తీసేయొచ్చు కూడా" అన్నారట. మావారు సంతకం పెట్టారు.

నుదురు పైన, కుడివైపు, జుట్టు మొదలయ్యే చోటుకి కాస్త వెనకగా రంధ్రం చేసి ట్యూబు పెట్టారు. లోపలి చివర మెదడు మధ్యలో నీరుండే గదిలో ఉంటుంది. బయటి చివరకి కొలిచే పరికరం, నీరు పడే సంచి. ఇందులో ఎత్తు చాలా ముఖ్యం. మేస్త్రీలు నీళ్ల ట్యూబు పట్టుకుని గోడ లెవెల్ చూస్తారే, అలా ఆ పరికరాన్ని చెవి రంధ్రం ఎత్తుకి సరిచెయ్యాలి. మంచం తలవైపు 30 డిగ్రీలు లేపి ఉంచుతారు. మంచం కదిలితే మళ్లీ లెవెల్ చూడాల్సిందే, లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది, నీరు ఎక్కువగా కారిపోయే ప్రమాదమూ ఉంది. నైట్ డ్యూటీ సిస్టర్ ఒకావిడ నన్ను పక్కకి తిప్పినప్పుడల్లా వంగి, ఒక కన్ను మూసి లెవెల్ చూసేవారట. ఆవిడ పేరు నాకు తెలుసు, ముఖం తెలియదు.

ఆరోగ్యంగా పడుకున్న మనిషికి ఈ ఒత్తిడి సుమారు 7 నుంచి 15 దాకా ఉంటుంది, బీపీలాగే పాదరసం మిల్లీమీటర్లలో. 22 దాటితే తగ్గించే వైద్యం చేయాలని అమెరికాలోని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2016 మార్గదర్శకాలు చెబుతాయి. ఒక రాత్రి నాకు 30 దాటింది. మత్తు పెంచారు, మెదడు వాపు తగ్గించే మానిటాల్ అనే మందు ఎక్కించారు, ఉప్పు ఎక్కువగా ఉండే సెలైన్ ఇచ్చారు. "తగ్గకపోతే పుర్రె ఎముక కొంత తీసి మెదడుకి చోటివ్వాలి, మనసులో పెట్టుకోండి" అన్నారు. తెల్లారేసరికి అంకె దిగింది. ఆ ఆపరేషన్ అవసరం పడలేదు.

ఆ అంకె మావాళ్లని ఎంత వేధించిందో! గొంతులోని కఫం లాగేటప్పుడు దగ్గొస్తే అది పైకి ఎగురుతుంది, కాసేపట్లో దిగుతుంది. ఈ ముక్క ముందు ఎవరూ చెప్పలేదు. "సిస్టర్, పెరిగిపోతోంది!" అని మావారు కేకలు పెట్టారట. దిగకుండా నిలబడిపోయిన ఒత్తిడికే భయపడాలి. ఐసీయూ బయట కూర్చునేవాళ్లకి ఈ రెండు మాటలు ముందే చెబితే ఎంత టెన్షన్ తగ్గుతుందో!

మన చాలా ఊళ్లలో ఈ ట్యూబు పెట్టే సదుపాయం ఉండదు. అలాంటి చోట మనిషిని పోగొట్టుకున్నవాళ్లు "అది పెట్టించలేకపోయాం" అని కుమిలిపోవడం చూశాను. వాళ్లకి ఒకటి చెప్పాలని ఉంది. బొలీవియా, ఈక్వడార్‌లలో 324 మంది మీద చేసిన పరిశోధన 2012లో వచ్చింది. ఒత్తిడి కొలిచి వైద్యం చేసినవాళ్లకీ, స్కాన్లూ రోగి లక్షణాలూ చూసి వైద్యం చేసినవాళ్లకీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కొలవడం దండగని దానర్థం కాదు. రెండు వైపులా శ్రద్ధగా వైద్యం జరిగింది.

ట్యూబు తీసి ఇంటికి పంపాక నాకు కష్టం మొదలైంది. లెక్కల టీచర్ని, ఏడో ఎక్కం మధ్యలో ఆగిపోయేదాన్ని. ఊరికే కోపం వచ్చేది, అత్తయ్య మీద గిన్నె విసిరాను. నలిగింది మెదడు ముందుభాగం కాబట్టి అలా ఉంటుందని డాక్టరు గారు చెప్పాక ఆవిడ ఊరటపడ్డారు. ఎక్కాలు మెల్లగా తిరిగొచ్చాయి, కోపం చాలావరకు తగ్గింది.

వాసన మాత్రం రాలేదు. ఇలా పడ్డప్పుడు ముక్కు నుంచి మెదడుకి వెళ్లే సన్నటి నరాలు తెగిపోవచ్చట. ఉల్లిపాయ కోస్తే కళ్లు మండుతాయి, వాసన ఉండదు. పోపు మాడకుండా ఆవాల చప్పుడు వింటాను, మెంతుల రంగు చూస్తాను. గ్యాస్ లీకైతే మోగే అలారం పెట్టించాం. బడికి మళ్లీ వెళ్తున్నాను. మధ్యాహ్నానికి తల అలిసిపోతుంది, అందుకని హెడ్మాస్టరు గారు నా పీరియడ్లన్నీ పొద్దుటికి మార్చారు.