జీహా వంశస్థులు కాపురమున్న గుట్ట మీద

ఇశ్రాయేలు యాత్రకు బస్సులో మాతో వచ్చినవాళ్లంతా బేత్లెహేము కోసం, గలిలయ సముద్రం మీద పడవ ప్రయాణం కోసం ఎదురుచూశారు. నాకూ అవన్నీ చూడాలనే ఉంది. కానీ ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు నేను మనసులో పెట్టుకున్న పేరు మాత్రం జీహా.

బైబిల్లో ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయాన్ని ఆరాధనలో చదివించడం నేనెప్పుడూ వినలేదు. అంతా పేర్ల పట్టిక. పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 538లో సెలవిచ్చాక బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన యూదుల లెక్క అది. అందులో నెతీనీయులు అనే ఒక వర్గం ఉంది. ఆ మాటకు అర్థం ‘ఇవ్వబడినవారు’. దేవాలయంలో సేవ చేసే గోత్రం వాళ్లైన లేవీయుల చేతికింద పనికి ఇచ్చిన మనుషులన్నమాట. యెహోషువ కాలంలో బలిపీఠానికి కట్టెలు కొట్టడానికి, నీళ్లు తోడడానికి నియమించిన గిబియోనీయుల సంతతే వీళ్లని యూదుల సంప్రదాయం చెబుతుంది. పట్టికలో ముప్పై అయిదు నెతీనీయ కుటుంబాలున్నాయి. మొట్టమొదటి పేరు జీహా.

నన్ను పట్టుకున్నది అక్కడి లెక్క. చెర నుంచి వచ్చిన లేవీయులు 74 మంది. నెతీనీయులు, సొలొమోను సేవకుల వంశస్థులు కలిసి 392 మంది. తర్వాత ఎజ్రా రెండో గుంపుతో బయలుదేరి అహవా నది దగ్గర మనుషులను చూసుకుంటే ఒక్క లేవీయుడూ కనబడలేదు. కాసిప్యా అనే చోటికి కబురంపితే లేవీయులు 38 మంది వచ్చారు, నెతీనీయులు 220 మంది వచ్చారు. బబులోనులో పుట్టి పెరిగిన బిడ్డలు వాళ్లు. నాలుగు నెలల నడక తర్వాత వాళ్ల కోసం ఎదురుచూస్తున్నది రాజ్యమూ కాదు, పొలమూ కాదు, మళ్లీ కట్టెల మోపులూ నీళ్ల కడవలే. అయినా వచ్చారు.

మా అమ్మ ఇరవై రెండేళ్లు మా ఊరి గుడిలో ఊడ్చింది, బోరింగు దగ్గర నీళ్లు పట్టి మోసింది, ప్రభు సంస్కారపు గిన్నెలు కడిగింది. గుడి కొత్తగా కట్టినప్పుడు గోడకు వేసిన శిలాఫలకం మీద దాతల పేర్లున్నాయి, అయ్యగార్ల పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. ఆ పేరు రాయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాకు కూడా. ఎజ్రా గ్రంథంలో ఆ పట్టిక చదివిన రోజున సిగ్గేసింది.

జీహా కుటుంబం ఎక్కడుందో నెహెమ్యా గ్రంథం చెబుతుంది. నెతీనీయులు ఓపెలులో, తూర్పున నీటి గుమ్మానికి ఎదుటి వరకు కాపురమున్నారు. వాళ్ల మీద జీహా, గిష్పా అనే ఇద్దరు పెద్దలు. ఓపెలు అంటే యెరూషలేములో దావీదు పట్టణానికీ దేవాలయ పర్వతానికీ నడుమనున్న ఎత్తు. ఇప్పుడది తవ్వకాల ప్రదేశం. మా కార్యక్రమంలో దానికి చోటు లేదు. చివరి రోజు అందరూ బజారుకు వెళ్తుంటే నేనూ మా వదినా విడిగా అటు వెళ్లాం.

ముందు గీహోను ఊట దగ్గరికి దిగాం. మెట్లు దిగుతూనే ఉండాలి. అక్కడి నుంచి యూదా రాజు హిజ్కియా తవ్వించిన సొరంగం 533 మీటర్లు, కొండ కడుపులోంచి సిలోయము కోనేటి వైపు పోతుంది. చెప్పులు తడుపుకుంటూ, టార్చిలైటు పట్టుకుని నడిచాం. నీళ్లు మొదట్లో తొడల దాకా, ఆ తర్వాత మోకాళ్ల కింద దాకా వచ్చాయి. ఎంత చల్లగా ఉన్నాయంటే కాసేపటికి పాదాలు తిమ్మిరెక్కాయి. గోడ మీద చెయ్యి పెడితే ఉలి దెబ్బలు గరుకుగా వేళ్లకు తగులుతాయి, ఒకదాని పక్కన ఒకటి, వాలుగా. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చిన పనివాళ్లు నడిమధ్య ఒకరి పిలుపు ఒకరు విన్న సంగతి చెక్కిన శాసనం 1880లో ఈ సొరంగంలోనే దొరికింది. అందులో రాజు పేరు లేదు, తవ్విన వాళ్ల పేర్లూ లేవు. జీహా కాలానికే ఈ సొరంగం పాతబడింది. ఆ మనుషులు తోడుకున్నదీ ఈ నీళ్లే అయ్యుంటుందనుకుంటూ బయటికి వచ్చేచోట లీటరు సీసా నింపుకున్నాను.

తర్వాత ఎక్కడం. ఎండ నెత్తిన ఉంది. సీసా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ, మధ్యలో నిలబడుతూ ఎక్కాను. ఓపెలు చేరి ఒక రాతి మీద కూర్చున్నాం. కింద కిద్రోను లోయ, ఎదురుగా ఒలీవల కొండ, వెనక ఎత్తుగా దేవాలయ పర్వతపు దక్షిణపు గోడ. బైబిలు తీసి నెతీనీయుల పేర్లున్న పన్నెండు వచనాలూ పైకి చదివాను. జీహా, హశూపా, టబ్బాయోతు, కేరోసు, సీయహా, పాదోను... నోరు తిరగని చోట ఆగి మళ్లీ చదివాను. ఒక్క పేరునూ మింగేయకూడదనిపించింది. వదిన చెంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంటికి వచ్చాక అమ్మకు సీసా ఇచ్చి ఇదంతా చెప్పాను. ఆమెకు చదువు రాదు, కానీ నీళ్ల సంగతి తెలుసు. సీసా మూత తీసి వాసన చూసింది.

“ఊట దగ్గర నుంచి గుడి దాకా అంతా ఎక్కుడేనా?”

“అంతా ఎక్కుడేనమ్మా.”

“నిండు కడవతో అయితే నడుమ రెండు సార్లయినా దించుకోవాలి,” అంది. కాసేపు ఆలోచించి, “దించుకోవడానికి అరుగులాంటిది ఏమైనా ఉందా అక్కడ?” అని అడిగింది.

దారి పక్కన పెద్ద రాళ్లున్నాయని చెప్పాను.