13 ఎంఎం డ్రిల్ చక్ మార్చుకోవడానికి పడిన పాట్లు

నల్లగొండలో గేట్లు, గ్రిల్స్, అల్యూమినియం తలుపులు చేసే చిన్న షాపు నాది. నా ఇంపాక్ట్ డ్రిల్‌కు మోటారు బాగానే ఉంది, కార్బన్ బ్రష్‌లు ఈ మధ్యనే వేయించాను, కానీ ముందు భాగంలో బిట్టును పట్టుకునే చక్ పట్టు వదిలింది. తాళంతో (చక్ బిగించే పళ్ల కీతో) ఎంత బిగించినా బిట్టు గోడలోకి దిగకుండా చక్‌లోనే తిరిగిపోయేది. బయటికి తీసి చూస్తే బిట్టు వెనక భాగమంతా గుండ్రంగా గీతలు పడి ఉండేవి. ఇనుప పట్టీలో 8 ఎంఎం బిట్టుతో వేసిన రంధ్రంలో 8 ఎంఎం బోల్టు వదులుగా ఆడేది. చక్ మార్చడం చాలా చిన్న పనే కాని, ఆ చిన్న పని కోసం బజారులో నలుగురి ముందు నేను పడిన మాటలు ఇంకా చెవుల్లోంచి పోలేదు కనుక, వేడి చల్లారకముందే రాస్తున్నాను.

మొదట తప్పు చక్‌దేనా, బిట్టుదా అన్నది తేల్చుకోవాలి. బిట్టును బిగించి, చక్‌ను చేతితో నెమ్మదిగా తిప్పుతూ, బిట్టు కొన ఏ వైపుకు ఎక్కువగా జరుగుతున్నదో చూసి, ఆ వైపున బిట్టు మీదా చక్ మీదా మార్కర్‌తో గుర్తు పెట్టాలి. తర్వాత చక్ వదులు చేసి, బిట్టును మాత్రం సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాలి. ఆ వంకర ఇప్పుడు బిట్టు మీది గుర్తు వైపుకు మారితే బిట్టు వంగిందని, చక్ మీది గుర్తు వైపే నిలిచిపోతే చక్ పాడైందని అర్థం. చక్ విప్పిన తర్వాత చక్ ఎక్కే ఉత్త ఇరుసును తిప్పి చూడటం కూడా అవసరం, ఎందుకంటే ఇరుసే వంగి ఉంటే ఎంత ఖరీదైన చక్ వేసినా ఆ డబ్బు దండగే. నా మిషన్ ఇరుసు తిన్నగానే ఉంది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే, చక్ ఒక్కటే విడిగా రాదు, గేర్ బాక్స్‌తో సహా ముందు భాగమంతా మార్చాలి అన్నారు. ఆ మాట నమ్మేవాళ్లు ఉన్నంత కాలం వాళ్లు అదే చెబుతారు. మా వీధిలోని మోటారు మెకానిక్ అయితే, బిట్టును పట్టే మూడు దవడల్లో ఒకటే అరిగింది కాబట్టి ఇంకో పాత చక్ నుంచి ఒక దవడ తీసి వేస్తానన్నాడు. అదీ కుదరదు. తాళంతో బిగించే ఈ చక్, అమెరికాలో ఆర్థర్ జేకబ్స్ 1902లో పేటెంట్ తీసుకున్న నమూనా నుంచి వచ్చిందే, లోపలి ఏర్పాటు నేటికీ అదే. మూడు దవడలు మూడు ఏటవాలు రంధ్రాలలో జారుతుంటాయి, వాటి వీపు మీది మరల్లో పడి లోపలి రింగు తిరుగుతుంది, అయితే ఆ మర ఒక్కో దవడ మీద ఒక్కో ఎత్తులో మొదలవుతుంది. ఒక దవడను ఇంకో దాని చోట పెడితే మూడూ ఒకే చోట కలుసుకోవు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివిన రోజుల్లోనే నేను చక్‌ను ముక్కలు ముక్కలుగా విప్పి బిగించినవాణ్ణి కాబట్టి, ఆ మెకానిక్‌కు నమస్కారం పెట్టి బయటపడ్డాను.

విప్పడంలో పెద్ద కష్టమేమీ లేదు, తెలియవలసినది ఒక్కటే ఉంది. మొదట ప్లగ్గు పీకి, దవడలను పూర్తిగా తెరిచి లోపలికి చూస్తే అడుగున ఒక మరమేకు కనిపిస్తుంది. అటూ ఇటూ రెండు వైపులా తిరిగే మిషన్లకు, వెనక్కు తిప్పినప్పుడు చక్ ఊడి రాకుండా దాన్ని పెడతారు. దానిది ఉల్టా చూడీ (మర). అంటే మనం మామూలుగా బిగించే వైపు తిప్పితేనే అది వదులవుతుంది. ఈ సంగతి తెలియక బలమంతా పెట్టి ఎడమ వైపుకు తిప్పి తల చెడగొట్టేవాళ్లను చాలామందిని చూశాను. తల చెడినా భయపడనవసరం లేదు. దాని నడుమ మామూలు బిట్టుతో రంధ్రం వేస్తుంటే, బిట్టు తిరిగే దిశా అది ఊడే దిశా ఒకటే కాబట్టి, తరచుగా అదే ఊడి వస్తుంది. మరమేకు తీశాక, తుప్పు వదిలే నూనె చుక్కలు వేసి రాత్రంతా ఉంచి, పొద్దున 10 ఎంఎం అలెన్ కీని (ఎల్ ఆకారపు ఆరు పలకల కడ్డీని) చక్‌లో గట్టిగా బిగించి, మిషన్‌ను బల్ల మీద పడుకోబెట్టి, చక్ ముందు నుంచి చూస్తే ఎడమ వైపుకు తిరిగేటట్టు ఆ కీ మీద సుత్తితో ఒక్క దెబ్బ గట్టిగా కొట్టాలి. మెల్లగా నొక్కితే లోపలి గేర్లు తిరుగుతాయే తప్ప చక్ కదలదు. నాకు పనికి వచ్చే కుర్రవాడే ఆ దెబ్బ కొట్టాడు, చక్ చేతికి వచ్చింది.

అసలు కథ కొత్తది కొనడంలో ఉంది. పాత చక్ మీది అక్షరాలు అరిగిపోయాయి కనుక, ఇరుసు మందాన్ని వెర్నియర్ కొలత పరికరంతో కొలిచాను, 11.9 ఎంఎం వచ్చింది. 13 ఎంఎం మందం దాకా బిట్టు పట్టే చక్‌లలో మన బజారులో రెండు రకాల చూడీలు కలగాపులగంగా దొరుకుతాయి. ఒకటి 1/2-20 యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్క సన్న మర), అంటే అర అంగుళం మందం, అంగుళానికి 20 మరలు. రెండోది ఎం12×1.25, అంటే 12 ఎంఎం మందం. అర అంగుళమంటే 12.7 ఎంఎం, కాబట్టి నాది రెండో రకం. మొదటి దానిలో మరకూ మరకూ మధ్య దూరం 1.27 ఎంఎం, రెండో దానిలో 1.25. ఆ 0.02 తేడాను కంటితో ఎవరూ పట్టలేరు, మందం కొలిస్తేనే ఏది ఏదో తెలుస్తుంది. ఇంత లెక్క కాగితం మీద రాసుకొని, చక్ లేని మిషన్‌నూ, గ్రైండింగ్ చేసిన 10 ఎంఎం తిన్నని ఇనుప పిన్నునూ, చిన్న ఆకురాయినీ సంచిలో వేసుకొని మా ఊరి బజారులో పెద్ద పేరున్న ఒక హార్డ్‌వేర్ షాపుకు పోయాను.

షాపాయన నా కాగితం వైపు చూడనైనా చూడకుండా, డబ్బాలోంచి ఒక చక్ తీసి నా మిషన్ ఇరుసుకు తానే తిప్పి ఎక్కించి, "ఎంత సాఫీగ ఎక్కిందో చూడు" అన్నాడు. సాఫీగా ఎక్కడమే అక్కడి దోషం. అర అంగుళం చక్‌లో 12 ఎంఎం ఇరుసు సులభంగానే దూరుతుంది, కానీ మరల అంచులు మాత్రమే తగులుకుంటాయి. చక్‌ను పట్టుకొని అటూ ఇటూ ఊపి చూపించాను, టకటకమని కదిలింది. చివరిదాకా బిగిస్తే కదలిక ఆగినట్టు కనిపిస్తుంది గాని, చక్ ఇరుసుకు ఏటవాలుగా కూర్చుంటుంది, ఇంపాక్ట్ మీద గోడ కొడుతుంటే ఆ కొద్దిపాటి మరలూ నలిగిపోతాయి. ఈ మాటే చెబితే ఆయన, "అందరు గిదే కొంటపోతున్రు, నీకొక్కనికే అనుమానమొచ్చిందా" అని గట్టిగా అన్నాడు. కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నవాళ్లలో ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకొని ఇప్పుడు సొంతంగా షాపు పెట్టుకున్న పిల్లవాడు కూడా ఉన్నాడు. మిగతావాళ్లతో పాటు వాడూ నవ్వాడు.

అయినా నేను కదలలేదు. ఎం12 ఉన్నది చూపించమని పట్టుపడితే, చాలాసేపు విసుక్కొని, దుమ్ము పట్టిన ఇంకో డబ్బా తీసి బల్ల మీద పడేశాడు. ఈసారి చూడీ సరిపోయింది, కానీ చక్ నాసిరకం. దవడలను పూర్తిగా మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మూడింటి కొనలూ ఒకే మట్టంలో ఉండి నడుమ సందు లేకుండా కలవాలి. దీనిలో ఒక దవడ మిగతా రెండింటి కంటే కిందికి ఉంది, నడుమ నుంచి వెలుతురు కనిపించింది. తెరుస్తుంటే సగం దాకా వదులుగా తిరిగి, అక్కడి నుంచి బిగుసుకుపోయింది. తాళం పళ్లు రింగు పళ్లలో పూర్తిగా పడకుండా పైపైననే తగిలాయి, తాళం కొనలోని పుల్ల రంధ్రంలో ఆడుతున్నది. ఇలాంటి తాళం నెలలోపే రింగు పళ్లను కొరికేస్తుంది. మిగిలింది దవడ గట్టిదనం. సరిగ్గా కాల్చి గట్టిపరిచిన దవడ మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తనిదైతే పట్టి పొడి రాలుతుంది. పట్టు తగిలే చోట కాకుండా దవడ వెనక అంచు మీద ఆకురాయిని ఒక్కసారి ఆనించానో లేదో, షాపాయన చక్‌ను నా చేతిలోంచి లాగేసుకొని, "చక్కు కొననీకి వచ్చినవా, పెండ్లి సంబంధం చూడనీకి వచ్చినవా" అన్నాడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. కాని ఆ లాక్కునేలోపే ఆకురాయికి మెరిసే పొడి అంటుకుంది, అది నేను చూశాను, ఆయనా చూశాడు.

సరుకును చేతిలోకి తీసుకొని చూసే హక్కు కొనేవాడికి లేదన్నట్టు మాట్లాడే షాపులు మన దగ్గర ఎందుకు ఇన్ని ఉన్నాయో నాకు అర్థం కాదు. బియ్యం కొంటే నోట్లో వేసుకొని నమిలి చూస్తాము, చీర కొంటే అంచు మడతలు విప్పి చూస్తాము. ఇనుప సామాను దగ్గరకు వచ్చేసరికి మాత్రం డబ్బా మీది బొమ్మను నమ్మి డబ్బులు కట్టాలట. నాసి చక్ వల్ల బిట్టు ఎగిరి కంటికి తగిలితే ఆ షాపాయన ఆసుపత్రికి రాడు.

వారం తిరగకముందే పని మీద నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోవలసి వచ్చింది కనుక, అదే సంచితో సికింద్రాబాద్ రాణీగంజ్‌కు పోయాను. అక్కడ ఇరుకైన ఒక షాపులో వయసు మళ్లిన కౌంటర్ మనిషి నా కాగితం చూసి, "ఎం పన్నెండా, అర అంగుళమా, ముందు చూడీ చెప్పినవు, మంచి పని చేసినవు" అని, రెండు మూడు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. తాళం లేకుండా చేతితో బిగించేది తీసుకొమ్మని ఆయన సలహా ఇచ్చాడు. ఉత్త స్క్రూలు బిగించుకునేవాళ్లకు అది సులువే గాని, దాని పైతొడుగు ప్లాస్టిక్‌ది, గోడల మీద ఇంపాక్ట్‌తో పని చేసే నాకు అది అదురుకు వదులవుతుంది, అందుకే తాళం చక్‌నే అడిగాను. ఆకురాయి పెట్టుకోమన్నాడు, పెడితే జారిపోయింది. నా పిన్నును మొదట గాజు బల్ల మీద దొర్లించి తిన్నగా ఉందని చూపించి, చక్‌ను ఇరుసుకు ఎక్కించి పిన్ను బిగించి, వాళ్ల ప్లగ్గులోనే మిషన్‌ను నెమ్మదిగా తిప్పి చూశాము. పిన్ను కొన నిలబడినట్టే కనిపించింది. మా ఊరి షాపులో చెప్పిన ధరకు ఇది రెట్టింపు కంటే కొంచెం తక్కువ. బేరం ఆడలేదు.

ఇంటికి వచ్చి ఇరుసు మరలను కిరోసిన్‌తో కడిగి, చక్‌ను చేతితో చివరిదాకా తిప్పి, అలెన్ కీ మీద కుడి వైపుకు ఒక దెబ్బ వేసి, లోపలి ఉల్టా మరమేకును ఎడమ వైపుకు తిప్పి బిగించాను. లేత్ షాపు మిత్రుడి దగ్గర వంకరను కొలిచే డయల్ గేజ్ ఆనించి చూస్తే, దవడల ముందు పిన్ను మీద సూది 0.08 ఎంఎం మాత్రమే కదిలింది. గోడకు, గ్రిల్స్‌కు పని చేసే మిషన్‌కు ఇంతకంటే మంచిది అక్కరలేదు. పనివాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాను: తాళాన్ని ఒక్క రంధ్రంలో పెట్టి బిగించి వదిలేయవద్దు, మూడు రంధ్రాలలోనూ వరుసగా పెట్టి బిగించాలి, అప్పుడే మూడు దవడలూ సమానంగా పట్టుకుంటాయి, మరలూ ఒకే చోట అరగవు.

షాపులో ఉన్న చిన్న 10 ఎంఎం మిషన్‌కు కూడా చక్ వదులవుతున్నది. దాని ఇరుసును కొలిచి చూశాను, 9.5 ఎంఎం వచ్చింది, అంటే 3/8-24 యూఎన్ఎఫ్. కాగితం మీద రాసి సంచిలో పెట్టుకున్నాను. కొనేది మాత్రం రాణీగంజ్‌లోనే.