వాడు కాదు, ఆయన

మా ఇంట్లో ఫోర్డ్ కంపెనీ గొడవ మొదలైంది ఒక చిన్న మాట దగ్గర. మావాడికి పదహారేళ్ళు, పుట్టింది పెరిగింది అంతా మిషిగన్‌లోనే. అన్నం తింటూ తింటూ "వాడికి కార్ల గురించి ఏం తెలుసు, వాడు కుర్చీలు అమ్ముకునేవాడు" అన్నాడు. ఎవరి గురించంటే జిమ్ హ్యాకెట్ గురించి, 2017 మే నుంచి 2020 సెప్టెంబర్ చివరిదాకా ఫోర్డ్‌కి సీఈఓ. అంతకుముందు గ్రాండ్ రాపిడ్స్‌లో స్టీల్‌కేస్ అని ఆఫీసు ఫర్నిచర్ చేసే కంపెనీని నడిపారు, కాబట్టి కుర్చీల మాట అబద్ధమేం కాదు. కానీ మా ఆయనకి ముద్ద దిగలేదు. "వాడు ఏంట్రా వాడు, మీ తాత వయసు ఉంటుంది, ఆయన అనలేవా" అని కేకేశారు.

మావాడు నిజంగానే అర్థంకాక అడిగాడు, "ఇంగ్లీష్‌లో హీ అంటే నీకు కోపం రాదు కదా నాన్నా, తెలుగులోనే ఎందుకొస్తుంది?"

మా ఆయన నా వైపు చూశారు, నేను పెరుగు గిన్నె వైపు చూశాను. ఏం చెప్తాం చెప్పండి. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడాలి అని పదహారేళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరింది మేమే. తీరా వాడు తెలుగులో వాదించడం మొదలుపెడితే అందులో ముందు మనిషి స్థాయి తేల్చుకుంటే గానీ వాక్యం పూర్తవదు అనే సంగతి మాకే అప్పుడు తట్టింది.

ఇంతకీ గొడవేంటంటే, హ్యాకెట్ ఉన్నప్పుడే 2018 ఏప్రిల్‌లో ఫోర్డ్ వాళ్ళు ఇక నార్త్ అమెరికాలో సెడాన్ల మీద, అంటే వెనక డిక్కీ ఉండే మామూలు కార్ల మీద, డబ్బు పెట్టం, మస్టాంగ్ తప్ప మిగతా కార్లు మెల్లగా ఆపేస్తాం అన్నారు. ఫోకస్ ఆ మే నెలలోనే ఆగిపోయింది, టారస్ 2019లో, ఫ్యూజన్ 2020లో. మావాడి దృష్టిలో ఇది మహాపాపం. ఎందుకంటే మా ఇంట్లో ఉన్నది 2014 ఫ్యూజన్, అది నాది, పైగా వాడు డ్రైవింగ్ నేర్చుకుంటోంది దాంట్లోనే. కారు మీద కంపెనీ వేసే విన్ నంబర్ 1తో మొదలైందని చూసి ఇది మెక్సికోది కాదు, ఇక్కడే ఫ్లాట్ రాక్‌లో చేసింది అని కనిపెట్టి ఏదో మా వంశవృక్షం దొరికినంత సంబరపడ్డాడు. మస్టాంగ్ చేసేది కూడా అక్కడేనట.

మిషిగన్‌లో పిల్లలకి లైసెన్స్ ఊరికే ఇవ్వరు. సెగ్మెంట్ వన్ అని మొదటి విడత డ్రైవింగ్ క్లాసులయ్యాక తల్లో తండ్రో పక్కన కూర్చుని యాభై గంటలు నడిపించి లాగ్ రాయాలి, అందులో పది గంటలు రాత్రిపూట. మా ఆయన పక్కన కూర్చుంటే ఇద్దరూ ఐదు నిమిషాల్లో అరుచుకుంటారు కాబట్టి నలభై గంటల పైన నా నెత్తినే పడ్డాయి. నాకు కార్ల గురించి పెట్రోల్ ఎటువైపు కొట్టాలో తప్ప ఏం తెలియదు. ఇప్పుడు అడగండి, చెప్తాను.

ఎందుకంటే వీడు కళ్ళు రోడ్డు మీదే పెట్టుకుని నోరు మాత్రం ఆపడు. మేముండే నొవై నుంచి దిగి మిషిగన్ అవెన్యూ పట్టుకుంటే వేన్ ఊళ్ళో ఫోర్డ్ వాళ్ళ మిషిగన్ అసెంబ్లీ ప్లాంట్ వస్తుంది, అక్కడ స్లో చేసి "అమ్మా, ఫోకస్ ఇక్కడే చేసేవాళ్ళు, ఇప్పుడు బ్రాంకో, రేంజర్" అని చూపిస్తాడు, చిన్నప్పుడు మా నాయన బస్సులో కిటికీలోంచి పెనుకొండ కోట చూపించినట్టు. అట్లాగే నేరుగా పోతే డియర్‌బార్న్. అక్కడ ఫోర్డ్ వాళ్ళ రూజ్ ప్లాంట్ దగ్గరికి వచ్చేసరికి వీడి ఉపన్యాసం హ్యాకెట్‌ని దాటి ఇప్పటి సీఈఓ జిమ్ ఫార్లీ దగ్గరికి వస్తుంది.

వీడి వాదన ఇది. కుర్రాడు కాలేజీ అయ్యి మొదటి ఉద్యోగంలో చేరితే యాభై వేల డాలర్ల ట్రక్ కొనలేడు, ఫోకసో ఫ్యూజనో కొంటాడు. పదేళ్ళ తర్వాత పిల్లలు పుట్టాక అదే షోరూంకి వచ్చి ఎక్స్‌ప్లోరర్ కొంటాడు. మొదటి మెట్టు నువ్వే తీసేస్తే వాడు సివిక్ కొనుక్కుని జీవితాంతం హోండా వాడైపోతాడు. టయోటా క్యామ్రీని ఆపిందా, 2025 నుంచి మొత్తం హైబ్రిడ్ చేసి అమ్ముకుంటోంది కదా. వాళ్ళకి రాని నష్టం వీళ్ళకే ఎందుకొచ్చింది, అంటే సెడాన్ తప్పు కాదు, మీరు చేసిన సెడాన్ తప్పు. ఇదంతా సగం ఇంగ్లీషు సగం తెలుగు, మధ్యలో "అమ్మా బ్లింకర్ వేశానా" అని.

మా ఆయన వాదన వేరే, ఆయనది లెక్కల మనిషి వాదన. 2014లో అమెరికాలో మూడు లక్షల పైన ఫ్యూజన్లు అమ్మారు, 2018కొచ్చేసరికి లక్షా డెబ్బై వేల చిల్లర. జనం కొనడం మానేసి కంపెనీని తిడితే ఎలా అంటారు. పైగా ఫోర్డ్ ఒక్కటే చేసిందా, 2016లోనే క్రైస్లర్ సీఈఓ మార్కియోని డాడ్జ్ డార్ట్, క్రైస్లర్ 200 సెడాన్లు ఆపేస్తున్నానని చెప్పేశారు, చివరికి జనరల్ మోటార్స్, అదే జీఎం, కూడా 2024లో మాలిబు ఆపేసింది. "మన ఇంటి మార్ట్‌గేజ్ కడుతోంది ఎఫ్-150 ట్రక్కు రా, నీ ఫ్యూజన్ కాదు" అన్నది ఆయన ఆఖరి అస్త్రం. ఆయన పని ఒక సప్లయర్ దగ్గర, ట్రక్కుల ప్రోగ్రాం. ఉప్పు తిన్న ఇంటిని అనకూడదు అనే పద్ధతిలో పెరిగిన గుంటూరు జిల్లా మనిషి, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళైనా ఆఫీసులో పెద్దవాళ్ళ నిర్ణయం గురించి ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు, గోడలకి చెవులున్నట్టు. కొడుకేమో రెండో క్లాసు నుంచి "నీ అభిప్రాయం రాయి, మూడు కారణాలు చెప్పు" అని హోంవర్కులు చేసి పెరిగాడు. వాడికి సీఈఓ అయినా ఒకటే, క్లాసులో పక్క బెంచీ పిల్లాడైనా ఒకటే.

నాకు నచ్చిన రౌండ్ ఒకటి చెప్పాలి. కుర్చీల మనిషి కార్ల కంపెనీకి పనికిరాడు అని వీడు పదోసారి అన్నప్పుడు మా ఆయన మెల్లగా అడిగారు, "మరి ములాలీ ఎవరు?" అలన్ ములాలీ 2006లో బోయింగ్ నుంచి వచ్చారు, విమానాల మనిషి. వచ్చీరాగానే నీలం లోగోతో సహా కంపెనీ ఆస్తులు తాకట్టు పెట్టి 23 బిలియన్ డాలర్ల పైన అప్పు తెచ్చారు, అందరూ నవ్వారట, 2009లో జీఎం, క్రైస్లర్ దివాలా తీసినప్పుడు ఫోర్డ్ నిలబడింది ఆ డబ్బుతోనే. మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాలా నిజాయితీగా "ఓకే, పాయింట్" అన్నాడు. ఆ ఒక్క మాటకి మా ఆయన మొహం చూడాలి, బోనస్ వచ్చినా అంత వెలగదు.

కానీ వారం తిరక్కుండా వీడు తిరిగి కొట్టాడు. జిమ్ ఫార్లీ అంటే రేసుల్లో కార్లు నడిపే మనిషి, వాళ్ళ తాత ఫోర్డ్‌లో పనిచేశాడు, కార్ల పిచ్చోళ్ళందరికీ ఆశ. అలాంటాయన 2024లో ఒక పాడ్‌కాస్ట్‌లో చెప్పాడు, షాంఘై నుంచి చైనా కంపెనీ షావోమీ చేసే ఎలక్ట్రిక్ కారు ఎస్‌యూ7 విమానంలో తెప్పించుకుని ఆర్నెల్లుగా నడుపుతున్నాను, వదలాలని లేదు అని. "అమ్మా, ఎస్‌యూ7 ఏంటో తెలుసా? సెడాన్!" అని స్టీరింగ్ మీద కొట్టాడు, నేను "రెండు చేతులూ, రెండు చేతులూ" అని అరిచాను. కోపంలో కూడా గమనించాను, "ఆయన" అనే అన్నాడు. ఫార్లీ వాడికి ఇష్టం కాబట్టి ఆయన. హ్యాకెట్ ఇష్టం లేదు కాబట్టి వాడు. అంటే తెలుగులో మర్యాద వయసుని బట్టి ఇస్తారని మేం నేర్పాం, వీడు పనిని బట్టి ఇస్తున్నాడు. ఏది కరెక్టో నాకైతే ఇప్పటికీ తెలీదు గానీ మా ఊళ్ళో కూడా వెనకాల అందరూ చేసేది అదే కదా.

అసలు కథ మా నాయన దగ్గరుంది. మాది పెనుకొండ పక్కన పల్లె. నాయన స్కూల్ టీచర్‌గా రిటైరయ్యి ఫోర్డ్ ఐకాన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, వెండి రంగుది, జోష్ మెషీన్ అని యాడ్ వచ్చేది గుర్తుందా, అదే. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇండియాలో కార్లు చేయడం ఆపేస్తున్నాం అని చెప్పినప్పుడు నాకు మొదటి ఫోన్ ఆయన దగ్గరనుంచే, "మీ ఊరి కంపెనీ వాళ్ళు పోతాండారంట కదమ్మా" అని, ఏదో నేనే మూసేస్తున్నట్టు. పదేళ్ళలో రెండు బిలియన్ డాలర్లకి పైన నష్టం అని కంపెనీ చెప్పింది. గుజరాత్‌లో సాణంద్ ఫ్యాక్టరీ టాటా వాళ్ళు కొనుక్కున్నారు, చెన్నై దగ్గర మరైమలై నగర్‌ది అలా ఉండిపోయింది.

తమాషా ఏంటంటే అప్పటికే మా ఊరికి కార్ల కంపెనీ వచ్చేసింది. నేను చదువుకునేటప్పుడు పెనుకొండ అంటే కోట, వేరుశెనగ, ఎండ, అంతే. 2017లో కియా వాళ్ళు ఎర్రమంచి దగ్గర పొలాలు తీసుకున్నారు, గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్ళిచ్చారు, 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ బజార్లోకి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల బళ్ళు చేసే ఫ్యాక్టరీ, హైవే పక్కనే. పోయినసారి వెళ్ళినప్పుడు మావాడు కారు కిటికీలోంచి కొరియన్ అక్షరాల బోర్డు చూసి "అమ్మా, మీ ఊరు కొరియాటౌన్ అయిపోయింది" అని పడీపడీ నవ్వాడు. మా నాయన కూడా నవ్వాడు గానీ, "నువ్వు ఆడ పోయి తెలుగు బోర్డు పెట్టుకోలేదా, గుడి కట్టుకోలేదా, వాళ్ళూ అంతే" అన్నాడు. నొవై గుళ్ళో వడలు తిని పెరిగినోడు, వీడేం మాట్లాడతాడు.

ఇప్పుడు ఆదివారం రాత్రి వీళ్ళిద్దరూ వీడియో కాల్‌లో వాదించుకుంటారు. తెలుగు క్లాసుకి మూడేళ్ళు పంపితే రాని మాటలు, గేరు, బండి దించడం, మైలేజీ ఈడుస్తాంది లాంటివి, నాయన దగ్గర వచ్చేస్తున్నాయి, కాకపోతే అన్నీ మా సీమ యాసలో. మా ఆయనకి అదో బాధ. నాయన చెప్పే కేసు అమెరికా సెడాన్ కంటే గట్టిది నన్నడిగితే. 2013లో ఎకోస్పోర్ట్ తెచ్చి, చిన్న ఎస్‌యూవీ అంటే ఏంటో ఇండియాలో చూపించింది ఫోర్డే. జనం క్యూ కట్టారు. తర్వాత వేరే కంపెనీలవి బ్రెజా వచ్చె, నెక్సాన్ వచ్చె, వెన్యూ వచ్చె, వీళ్ళు మాత్రం అదే ఎకోస్పోర్ట్‌కి బంపర్ మార్చుకుంటా కూర్చున్నారు. మహీంద్రాతో కలిసి కంపెనీ పెడతామని 2019లో చెప్పి, 2020 ఆఖరికి అదీ వద్దనుకున్నారు. కియా వాళ్ళేమో చిన్న కార్ల జోలికే పోకుండా సెల్టోస్, సోనెట్‌తో దిగి నిలబడ్డారు.

"చేతిలో ఉండే గిత్తకి మేత ఎయ్యకుండా సంతకి పోయి కొత్తది బేరమాడినట్ల" అన్నాడు నాయన. ఆ తర్వాత, "వానికి బుద్ధుండాదా?"

మావాడు ఫోన్ పట్టుకుని హాల్లోకి పరిగెత్తాడు. "నాన్నా! తాత కూడా వాడు అన్నాడు!"

మా ఆయన టీవీ సౌండ్ పెంచారు.

ఇదంతా సరదాగా ఉంది కదా, సరదాగా లేనిది కూడా ఒకటి జరిగింది. రాత్రి గంటలు నింపుతున్నాం, నవంబర్, వాన పడుతోంది, ఫోర్డ్ రోడ్ మీద కాంటన్‌లో రెడ్ లైట్ దగ్గర ఆగాం. మేం పాత రోజుల్లో ఉన్న అపార్ట్‌మెంట్లు అక్కడికి దగ్గరే. వీడు వైపర్లు చూస్తూ అన్నాడు, "2018లో మీరు కూడా డిసైడ్ చేశారు కదా, నొవై పోదామని. నన్నెవరూ అడగలేదు." స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్ చూసి మారాం మేము, మన వాళ్ళందరూ చేసేదే. వీడికి తొమ్మిదేళ్ళు, మూడో క్లాసు, కింద ఫ్లోర్‌లో ఒక స్నేహితుడు ఉండేవాడు, రోజూ ఇద్దరూ కార్పెట్ మీద బొమ్మ కార్లు వరసగా పేర్చుకునేవాళ్ళు.

"తొమ్మిదేళ్ళ వాడివి, అడిగితే ఏం చెప్పేవాడివి" అన్నాను.

"వద్దనే చెప్పేవాడిని. అయినా అడగాలి కదా."

నాకు నోటికొచ్చింది అనేశాను, నన్ను కూడా ఎవరూ అడగలేదురా, ఇంజనీరింగ్ చదువుతావా అనీ అడగలేదు, అమెరికా సంబంధం చేసుకుంటావా అనీ అడగలేదు, రెండోది ఐతే ఫోటో చూపించి తేదీ చెప్పారు. వీడు నా వైపు తిరిగి "దట్స్ ఈవెన్ వర్స్ అమ్మా" అన్నాడు, వెనకాల వాడు హారన్ కొట్టాడు, లైట్ ఎప్పుడో గ్రీన్ అయింది.

2025 డిసెంబర్‌లో ఫోర్డ్ వాళ్ళు ఎఫ్-150 లైట్నింగ్ ఎలక్ట్రిక్ ట్రక్ ఆపేస్తున్నామనీ, ఎలక్ట్రిక్ బళ్ళ లెక్కల్లో 19.5 బిలియన్ డాలర్లు పోయినట్టు రాసుకుంటున్నామనీ చెప్పారు. డిన్నర్ టేబుల్ దగ్గర నేను రెండు పక్షాలకీ సరిపడా చారు కాచుకుని రెడీగా కూర్చున్నాను. కానీ ఈసారి మావాడు అరవలేదు, "నాన్నా, నువ్వైతే ఏం చేసేవాడివి?" అని అడిగాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఆయన్నెవరూ అడిగుండరు. ముందు "పెద్దవాళ్ళు చూసుకుంటారులే" అన్నారు అలవాటుగా. తర్వాత చెయ్యి కూడా కడుక్కోకుండా గంటసేపు చెప్పారు, బ్యాటరీ ట్రక్‌కి ట్రైలర్ తగిలిస్తే రేంజ్ ఎట్లా సగానికి పడిపోతుందో, మావెరిక్ అనే చిన్న ట్రక్‌ని హైబ్రిడ్‌గా ఇరవై వేల డాలర్ల లోపు దించినప్పుడు జనం ఎట్లా ఎగబడ్డారో, దాని ధర అలా పెంచుకుంటూ పోవడం తనకెందుకు నచ్చలేదో. మధ్యలో ఒకసారి మా ఆయన నోట్లోంచి "వాళ్ళకి బుర్ర లేదు" అని జారింది. వీడు నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు, ఏమీ అనలేదు.

లాగ్‌లో ఇంకా రెండు గంటలు మిగిలున్నాయి, రాత్రివే. వాటికి నాన్నని తీసుకెళ్తానన్నాడు.