కుడి చక్రం దగ్గర చప్పుడు

ఆదివారం, రాత్రి

బుధవారం నుంచి ఆ చప్పుడు నన్ను వదల్లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి కారు పైకి తెచ్చి రోడ్డు మీదకు తిప్పగానే కుడివైపు ముందు చక్రం దగ్గర ఒక్కసారి ‘టంగ్’ మంటుంది, తంబూర తీగ మీటినట్టు. తర్వాత కంకిపాడు దాకా ఏమీ ఉండదు. గుడివాడలో కాలేజీ గేటు దగ్గర లోపలికి తిప్పితే మళ్లీ టంగ్. బండి 2009 నాటిది, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. ఏ చప్పుడైనా సర్దుకోవచ్చు గానీ, స్టీరింగ్ మీద అనుమానం పెట్టుకుని రోజూ ఆ రోడ్డు మీద వెళ్లి రావడం నా వల్ల కాదు.

శుక్రవారం సాయంత్రం ఒక వర్క్‌షాపులో చూపించాను. అక్కడి కుర్రాడు సీట్లో కూర్చుని రెండుసార్లు స్టీరింగ్ తిప్పి, “రాక్ పోయింది మేడం, మొత్తం మార్చాలి. 26 వేలు అవుతుంది” అన్నాడు. రాక్ అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాలను పక్కకు తిప్పే భాగం. కిందకి వంగి కూడా చూడలేదు. రెండు రాత్రులు ఆ 26 వేల టెన్షన్‌తోనే గడిచాయి.

నాన్న బస్సు డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేశారు. ఒకప్పుడు వీధిలో పోయే లారీ చప్పుడు విని, టాపెట్లు కొట్టుకుంటున్నాయని వరండాలోంచే చెప్పేవారు. ఇప్పుడు చెవికి మిషను పెట్టుకున్నా సన్న చప్పుళ్లు అందవు. ఆయనకు వినపడని దాని గురించి అడిగి బాధపెట్టడం ఎందుకని ఇన్నాళ్లూ చెప్పలేదు. పొద్దున కాఫీ తాగుతూ ఉండబట్టలేక చెప్పేశాను. లుంగీ బిగించుకుని నాకంటే ముందే సెల్లార్‌లోకి దిగారు.

“ఎలా వస్తోందో తర్వాత చెబుదువు గానీ, ఎప్పుడొస్తోందో చెప్పమ్మా. గతుకుల్లో వస్తుందా? బ్రేకు వేస్తే? బండి ఆపి తిప్పినా వస్తుందా?”

గతుకుల్లో లేదు, బ్రేకు వేస్తే లేదు. ఆపి తిప్పినా వస్తుంది.

ఇంజిన్ ఆపించి, తాళం తిప్పి ఉంచి స్టీరింగ్ తిప్పమన్నారు. రెండు చేతులా బలం పెడితే గానీ కదల్లేదు. టంగ్ మంది. వచ్చిందని తల ఊపాను. “అయితే స్టీరింగ్ పంపు కాదు, దాని బెల్టు కాదు. ఇంజిన్ తిరగనిదే అవి తిరగవుగా” అన్నారు. స్టీరింగ్ ఆయిల్ తగ్గినా, అందులో గాలి చేరినా గుయ్ మనే మోత వస్తుందట, యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ అది పెరుగుతుందట. డబ్బా మూత తీసి చూపించారు. ఆయిల్ ఎర్రగా, నురగ లేకుండా ఉంది.

తర్వాత స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పించి నెమ్మదిగా గుండ్రంగా నడిపించారు. యాక్సిల్ జాయింట్ అరిగితే చక్రం తిరిగే కొద్దీ టకటకమంటుంది. అదీ లేదు. జాయింట్ మీది రబ్బరు తొడుగులు చిరగలేదు, రిమ్ము లోపల గ్రీజు చిమ్మిన మరకలు లేవు. వెనక చక్రాలకు ఇటుకలు పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపి, రెండు పక్కలా పట్టుకుని ఊపి చూశారు. టైరాడ్ ఎండ్‌లో, అంటే స్టీరింగ్ కడ్డీ చక్రానికి కలిసే కీలులో, వదులు లేదు.

జాకీ దించాక చెవి మిషను తీసి జేబులో వేసుకున్నారు. నాకు అర్థం కాలేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరు మీదుగా చెయ్యి లోపలికి పెట్టి స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి, తిప్పమన్నట్టు రెండో చేత్తో సైగ చేశారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ప్రతిసారీ నాకు చప్పుడు వినపడుతోంది, ఆయన మొహంలో మాత్రం ఏమీ లేదు. నాలుగోసారి ఇంకా మెల్లగా తిప్పాను.

“ఇదిగో, దూకింది!”

నన్ను దిగమని ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. “చుట్ల మధ్యలో వేళ్లు పెట్టకు తల్లీ, పైన ఆనించు” అన్నారు. స్ప్రింగు మొదట ఊరికే ఉంది. తర్వాత మెలిపడుతున్నట్టు బిగుసుకుంది. ఉన్నట్టుండి అరచేతి కింద ఎగిరిపడింది. నాలుగు రోజులుగా చెవితో వెతుకుతున్న దాన్ని అప్పుడు చేత్తో పట్టుకున్నాను.

స్టీరింగ్‌తో చక్రం పక్కకు తిరిగితే షాకబ్జర్, స్ప్రింగు కలిసి తిరుగుతాయి. అవి సాఫీగా తిరగడానికి పైన రబ్బరు మౌంటింగ్ కింద ఒక బేరింగ్ ఉంటుంది. దుమ్మూ తుప్పూ పట్టి అది బిగుసుకుంటే స్ప్రింగు తిరగలేక మెలిపడి, ఇక ఆగలేక ఒక్కసారిగా విడుస్తుంది. అదే ఆ టంగ్. “మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి వస్తోందా?” అని అడిగారు. నెల రోజులుగా రావడం లేదు, నేనే చేత్తో లాగుతున్నాను. పాత బండి కదా అనుకున్నాను. దాన్ని అప్పుడే పట్టించుకోవాల్సింది.

ఆటోనగర్‌లో నాన్నకు తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేశాను. “బాబాయ్ గారు చెయ్యి పెట్టి చెప్పాక ఇంకేం చూస్తాం అక్కా, రేపు పదింటికి తీసుకురండి” అన్నాడు. కూలీతో కలిపి 5 వేల లోపే అవుతుందట. కాలేజీకి సెలవు పెట్టాను.

ఇందాక నీళ్లు తాగుదామని వంటింట్లోకి వెళితే ఫ్రిజ్ మీద క్యాలెండర్ కాగితం చింపి అంటించి ఉంది. నాన్న రాత: ‘మౌంటింగ్, బేరింగ్ రెండు వైపులా మార్చాలి. తర్వాత అలైన్‌మెంట్. స్ప్రింగు విప్పేటప్పుడు అమ్మాయి దగ్గర నిలబడకూడదు, నేను నిలబడతాను.’